జీడితొక్కల మంటలో అరివేణి కుండ

నర్సీపట్నంలో కుమ్మరి సారె ముట్టకుండా, ఉత్త చేతులతో అరివేణి కుండ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. చూడ్డానికి వీధి వీధంతా మా పెరట్లోకి వచ్చింది.

పెళ్ళిపందిట్లో పెట్టే ఆ కుండల్ని ఎవరైనా కుమ్మరింటి నుంచి మేళాలతో తెచ్చుకుంటారు. "నా పెళ్ళికి ఒక్కటైనా నువ్వు సెయ్యి తాతా" అంది మనవరాలు. నవ్వులాటకే అందేమో. నేను మాత్రం పందిట్లో ముందు వరస కుండ నాదేనని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

మట్టిని తాళ్ళలా పేని, చుట్ట మీద చుట్ట వేసి, అతుకులు వేళ్ళతో మెత్తాను. పొట్ట బాగానే లేచేది. మెడ దగ్గరికి వచ్చేసరికి తాగుబోతులా ఒరిగిపోయేది. నిలబడిందనుకుంటే ఆరేటప్పుడు నెర్రె విచ్చేది. విసుగెత్తి ఒకదాన్ని గోడకేసి కొట్టాను. పచ్చిమట్టి కదా, పగలనైనా పగల్లేదు. గోడకి అతుక్కుని నన్నే చూసింది.

చివరికి ఒకటి నిలిచింది. పెళ్ళి దగ్గరపడింది. పిడకలతో కాలిస్తే ఆలస్యమని, జీడిపిక్కల తొక్కలు బస్తాడు తెచ్చి చుట్టూ పేర్చాను. మా వైపు వాటికేం కొదవ? తొక్కలో నూనె ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. మంట బాగా లేస్తుందని అదే మంచిదనుకున్నాను.

నల్లటి పొగ లేచింది. వీధి వచ్చింది అప్పుడే. ఒప్పుకుంటున్నాను, కుండను చూడ్డానికి కాదు.

"ఏటి మావగారూ, టైర్లు గానీ కాలుస్తన్నారేటి? కళ్ళు మండిపోతన్నాయి, బేగి ఆర్పండి!" అని పక్కింటాయన గోడ మీంచి కేకలేశాడు.

బూడిదలోంచి తీస్తే కుండ కాకిలా నల్లగా, జిడ్డు కారుతూ ఉంది. సున్నంతో చుక్క పెడితే జారిపోయింది. జాజుతో ఎర్ర గీత గీస్తే ఆరగానే పెచ్చులూడింది. తుడవడం, మళ్ళీ గీయడం, మళ్ళీ తుడవడం. ఆ నల్ల కుండని శుభకార్యంలో ఎవరు పెడతారు? కోపంతో నాకు అన్నం సహించలేదు.

అయినా మనవరాలు నా మొహం చూసి, పందిట్లో ఇదే ఉండాలని పట్టుబట్టిందనీ, పెద్దలంతా మెచ్చుకున్నారనీ, పెళ్ళయ్యాక ఈ కథ చివర రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను.

చింతపండులో గింజలు తీస్తూ ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"పందిట్లో ఎవులెట్టారండీ? వంటలకాడ సేతులు కడుక్కోడానికి నీళ్ళు పోసి ఎట్టాం. అదీ కారిపోనాది."