పసుపు పూసిన తెల్లకర్ర

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఈ ఉదయం పంచాయతీ ఆఫీసు ముందు, నడవలేని ఒక అమ్మాయి కొత్తగా ఇచ్చిన బ్యాటరీ మూడుచక్రాల బండెక్కి, ఎవరి సాయమూ లేకుండా బత్తలపల్లె రోడ్డు పట్టుకొని పోతుంటే, పక్కన టీ తాగుతున్నవాళ్లు తలైనా తిప్పలేదు గానీ, నేను మాత్రం చూపు మరల్చుకోలేక నిలబడిపోయాను. మా అత్త గుర్తుకొచ్చింది.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆమెకు చూపు పోయింది. వంటా వార్పూ, విత్తనానికి వేరుశనక్కాయలు వలవడం, అన్నీ ఆమె చేతులకు తెలుసు. గడప దాటితే మాత్రం ఎవరో ఒకరి చెయ్యి కావాలి. కింద వీధిలో చెల్లెలి ఇంటికి తీసుకుపోయినా, పనుందని తొందరపెట్టి లేపుకొచ్చేవాళ్లం. ఒక్కసారైనా తానే పోయి, తనకు తోచినంతసేపు చెల్లెలి దగ్గర కూర్చోవాలని ఆమె కోరిక.

ఒక ఏడు పంచాయతీవాళ్లు ఆమెకు తెల్లకర్ర ఇచ్చి, దాన్ని తాటించుకుంటూ నడవడం నేర్పి పోయారు. మా మామ, సర్కారు ఇచ్చిన వస్తువు ఎర్రమట్టిలో పాడైపోతుందని, దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దేవుడి పటాల పక్కన నిలబెట్టాడు. ఎట్లా నడుస్తోందో చూసిపోదామని మళ్లీ వచ్చిన పంచాయతీ ఆయన అది చూసి నవ్వాడు.

“ఏమప్పా, అమ్మను నడిపిస్తాదని ఇస్తే, నువ్వు దీన్ని దేవున్ని చేసి కూర్చోబెట్టినావే!”

“యాడన్నా పడితే ఎవరు సూస్తారు సామీ?” అన్నాడు మామ, గొంతు తగ్గించి.

“పడితే నేనే లేస్తా. నా కర్ర నాకియ్యి, నీ పూజ సాలు!” అంది అత్త.

కర్ర కొస బండల మీద టక్కుటక్కుమంటూ, కాలువ అంచు తడుముకుంటూ, దారికడ్డంగా పడుకున్న మేకను తాకి ఆగి, దాన్ని అదిలించి, మా అత్త ఒక్కతే పోతుంటే వాకిళ్లలో ఉన్నవాళ్లంతా చేతిలో పని వదిలేసి చూశారు. మామ మెల్లగా వెనకాలే బయల్దేరితే, “వెనక రావాకు, నీ చెప్పుల సప్పుడు నాకు ఇనపడతాండాది” అంది తల తిప్పకుండానే. ఆయన చెప్పులు విడిచి చేతబట్టుకుని, మండే ఎండలో ఆ కాలే బండల మీద వట్టి కాళ్లతో నడిచాడు.

చెల్లెలు తలుపు తీసి, “ఎవరితో వచ్చినావక్కా?” అని వెనక్కి చూసింది.

“నేనే వచ్చినా” అంది అత్త. వీధి మలుపులో మామ, కాళ్లు కాలుతున్న సంగతే మరిచి, చెప్పులు చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. ఆ రోజు పొద్దు వాలేదాకా ఆమెను ఎవరూ లేపలేదు.

ఇప్పుడు బండ్లొచ్చాయి, పింఛను ఇంటికే వస్తోంది, అలా పోయేవాళ్లను చూసి ఎవరూ ఆగిపోవడం లేదు. మంచిదే, అట్లాగే ఉండాలి. కానీ ఒక మనిషి తనంతట తాను వీధి దాటడాన్ని ఊరంతా ఊపిరి బిగబట్టి చూసిన ఆ ఆశ్చర్యం నాలాంటి ముసలివాళ్ల కళ్లలోనే మిగిలిపోయింది.

మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ పోవాలనుకున్న గడపకు తామే పోయి, తనివితీరా కూర్చుని రావాలి; మీ ఇల్లు చల్లగా ఉండాలి.