కోడికాళ్ళ టీచరమ్మ

రెండు వారాల కిందట, ఒక గురువారం తెల్లవారుజామున మా టీచరమ్మ చనిపోయారు. నేను అంబత్తూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ఎక్కాక ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా" అంది.

వ్యాసర్పాడిలో మా తెలుగు మీడియం బడిలో ఆమె జీవశాస్త్రం చెప్పేవారు. కణజాలాల పాఠం వచ్చిందంటే కోడిమాంసం అంగడి నుంచి కాళ్ళు తెచ్చేవారు. మేం వెనకాల పెట్టుకున్న పేరు కోడికాళ్ళ టీచరమ్మ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోసిన చోట తెల్లటి దారంలాంటిది చూపించి "మెల్లగా లాగు మే" అనేవారు. లాగితే చచ్చిన కోడి వేళ్ళు ముడుచుకునేవి. కండను ఎముకకు కట్టే స్నాయుబంధనం అంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది.

నేనేమో దుడుకుదాన్ని. ఒక్క గుంజు గుంజాను, దారం ఊడి చేతికొచ్చింది. ఆమె తిట్టలేదు. "ఆడ ఇంకో కాలుంది, ఎత్తుకో. ఈసారి నిదానం, సరియా?" అన్నారు.

మరో రోజు రెండు ఎముకలు తెచ్చారు. వారంపాటు వెనిగర్‌లో నానబెట్టింది రబ్బరులా వంగింది. పొయ్యిలో కాల్చింది వేలితో నొక్కితే పొడైంది. "నార లేకుంటే పొడైపోతాది, సున్నం లేకుంటే వంగిపోతాది. ఎముకకీ ప్రాణముంది మే. బరువు మోస్తావుంటేనే గట్టిపడతాది" అన్నారు.

పోయిన ఏడాది ఆఖర్లో స్నానాలగదిలో జారిపడి ఆమెకు తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, నడవమంటేనే భయం. చూడటానికి వెళ్ళి ఆమె పాఠం ఆమెకే అప్పజెప్పాను. నవ్వారు. "తెలుసులే మే. నువ్వొచ్చి చెయ్యి పట్టుకో, నడుస్తా" అన్నారు. ఆదివారం వస్తానని మాటిచ్చాను.

ఆ ఆదివారం ఓవర్‌టైం. మరుసటి ఆదివారం బంధువుల పెళ్ళి. ఆ తర్వాతి ఆదివారాలకు సాకు కూడా లేదు, ఫోన్ చేయడానికి మొహం చెల్లక మానేశాను. ఆమె మంచం మీదే చిక్కిపోయారట. నా మీద నాకే మండిపోతోంది. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఆమె పోయిన ఆ గురువారం సాయంత్రం, వాళ్ళింట్లో అందరూ వెళ్ళాక, కూతురు మంచం కింద నుంచి ఒక జత చెప్పులు తీసింది. నడకకని డాక్టరు కొనమన్న మెత్తటివి.

"ఆదివారమైతే చాలు, పొద్దున్నే ఇవి వేయించుకుని కూర్చునేదక్కా. చీకటి పడినాక తనే తీసెయ్యమనేది."

చేతిలోకి తీసుకుని తిరగేశాను. అడుగున ఎక్కడా మట్టి లేదు. కంపెనీ స్టిక్కరు కూడా చెదరలేదు.