మా మామగారు ఎవరి కోసం కూర్చున్నట్టు?

మా మామగారు పోయారు. ఆటోనగర్‌లో ఆయన పనిచేసే షెడ్డు నుంచి మా ఆయనకి ఫోనొచ్చింది. లారీ సీట్లు కుట్టే షెడ్డు అది. మధ్యాహ్నం భోజనం చేశాక సగం కుట్టిన డ్రైవరు సీటు మీద కూర్చున్నారట. ఆయన అలా కూర్చోవడం అందరికీ అలవాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. టీ వచ్చాక పిలిస్తే పలకలేదు. "కునుకు తీస్తున్నారనుకున్నామండీ" అని షెడ్డు ఓనరు ఫోన్లో ఆ ఒక్క మాటే పదేపదే అన్నాడు.

ఆస్పత్రికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. డాక్టరుగారు మమ్మల్ని పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగారు. "గుండెదేనమ్మా. ఇది ఇవాళ పుట్టింది కాదు, చాన్నాళ్ళ నుంచి ఉండి ఉంటుంది. ఆయాసంగా ఉందని ఎప్పుడూ అనలేదా? నడుస్తూ నడుస్తూ ఆగిపోయి కూర్చోవడం లాంటిదేమైనా?" మా ఆయన, మా అత్తగారు ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. తప్పుపట్టే చూపు కాదది. జవాబు తెలిసింది నాకే అన్నట్టు చూశారు. తెలిస్తే చెప్పనా? ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో కూర్చోవడం సంగతి చెప్పాలి. మామగారు నిలబడి ఉండగా కోడలు కూర్చోదు. ఎవరూ నాకు నేర్పలేదు, ఎవరూ అడగనూ లేదు. మా అమ్మ మా నాయనమ్మ ఇంట్లో అలాగే ఉండేది, నేనూ అలాగే వచ్చాను. ఆయన గుమ్మంలో అడుగుపెడితే కుర్చీలోంచి లేచేదాన్ని. ఆయన కూర్చున్నాక, కాస్త ఎడంగా, నేనూ కూర్చునేదాన్ని. "ఏం కాలంలో ఉన్నావే నువ్వు?" అని మా చెల్లెలు ఎన్నిసార్లు వెక్కిరించినా, ఒళ్ళు వినేది కాదు. ఆయన కనపడగానే కాళ్ళు వాటంతటవే లేచేవి.

ఆయనకీ ఈ సంగతి తెలుసు. తెలుసని ఎప్పుడూ బయటపడలేదు. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, చిన్నప్పుడే మగ్గం వదిలేసి సీట్ల పనిలోకి వచ్చారు. మాటలు తక్కువ. ఏ సీటు కనపడినా, అది సినిమా హాలు కానీ, పెళ్ళి పందిరి కానీ, ముందు అరచేత్తో ఒకసారి నొక్కి చూసేవారు. తర్వాతే కూర్చునేవారు. మా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా ఇంటి సోఫాని కూడా అలాగే నొక్కారు. మా నాన్న కంగారుపడిపోయి, "కొత్తదేనండీ బావగారూ" అన్నారు. ఇంకా సంబంధం కుదరకముందే బావగారైపోయారు. ఆ జోకు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

రెండేళ్ళ కిందట నా గుండెకి వాల్వు ఆపరేషనయింది. ఆ తర్వాత మా ఇంట్లో గుండె అంటే నాదే. నా మాత్రలు, నా ఉప్పు, నా నిద్ర. బిందె ఎత్తబోతే అరుపులు. నేను నాలుగడుగులు వేస్తే చాలు, "అలిసిపోయావా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అడిగిన ప్రతిసారీ "లేదు" అనేదాన్ని. అవునంటే మా అమ్మాయి మొహం చిన్నబోయేది. మామగారు ఒక్కరే అడిగేవారు కాదు. "అలిసిపోయాక కూర్చుంటే లేవలేం. అలవకముందే కూర్చోవాలి" అని మాత్రం ఒకసారి అన్నారు, అదీ నాతో కాదు, పేపరు చదువుతూ గాలితో అన్నట్టు అన్నారు.

మా అమ్మాయి పుట్టినరోజుకి ఆటల పార్కుకి వెళ్ళాలని పట్టుబట్టింది. హనుమాన్ జంక్షన్ దాటాక, హైవే పక్కన కొత్తగా పెట్టారు. వాళ్ళ క్లాసులో అందరూ వెళ్ళొచ్చారట. నేను రాకపోతే తనూ వెళ్ళనంది. మా ఆయన డాక్టరుగారిని అడిగారు. నడవచ్చు, ఆటలు ఎక్కకూడదు, మధ్యమధ్య ఆగాలి అన్నారాయన. అప్పుడు మామగారు, సెలవు పెట్టడమంటే గిట్టని మనిషి, "నేనూ వస్తాను, అక్కడి సీట్లు చూడాలి" అన్నారు. అందరం నవ్వాం.

గేటు దగ్గరే గొడవ మొదలైంది. బయటి తిండి లోపలికి పట్టుకెళ్ళకూడదన్నారు. మా అత్తగారు పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "అయితే ఇక్కడే తినేసి వస్తాం, ఆగండి" అని గేటు ముందే అందరికీ పెట్టింది, గేటు మనిషితో సహా. ఈలోగా మా ఆయన ఎక్కణ్ణుంచో ఒక వీల్‌చెయిర్ తోసుకొచ్చారు. నా కోసం. చుట్టూ కాలేజీ పిల్లలు, సెల్ఫీలు, రంగురంగుల టోపీలు. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. నేను అందులో కూర్చుంటే మా అమ్మాయికి ఈ పుట్టినరోజు ఎలా గుర్తుంటుందో నాకు తెలుసు. వద్దని ఎలా చెప్పాలా అనుకుంటూ ఉండగానే, మామగారు ఆ సీటుని చేత్తో నొక్కి, "రెగ్జిన్ పర్లేదు, లోపల ఫోమ్ దండగ" అంటూ అందులో కూర్చుండిపోయారు. దిగలేదు.

"నాన్నా, అది తనకి" అన్నారు మా ఆయన.

"పొద్దున్నించీ కాళ్ళు లాగుతున్నాయిరా. కాసేపు ఉండనీ."

మా ఆయన, మా అత్తగారు, అమ్మాయి ఆటల వైపు వెళ్ళిపోయారు. మేమిద్దరం మిగిలాం. కుర్చీ వెనక పిడులు నేను పట్టుకున్నాను. తోయనిచ్చారనుకుంటున్నారా? కాళ్ళు కింద పెట్టి, నేల తన్నుకుంటూ ఆయనే నడిపించుకున్నారు. నేను ఊరికే పట్టుకుని వెనకాల నడిచాను. ఆపరేషనయ్యాక అంత సుఖంగా నడిచింది ఆరోజే. పట్టుకోవడానికి ఒకటి ఉంది, చూసేవాళ్ళకి మాత్రం పెద్దాయన్ని తీసుకెళ్తున్న కోడల్ని. దారిలో ఒకావిడ నన్ను చూసి, "బాగా చూసుకుంటున్నావమ్మా" అని మెచ్చుకుంది కూడా.

నీడలో బెంచీ కనపడితే చాలు, "ఆపమ్మా" అనేవారు. కుర్చీలోంచి లేచి, బెంచీ నొక్కి, ఆ చివర కూర్చునేవారు. ఆయన కూర్చున్నారు కాబట్టి ఈ చివర నేనూ కూర్చునేదాన్ని. నాకు ఊపిరి చాలదనిపించే లోపే, ఆ మాట నోటిదాకా వచ్చే లోపే, ఆయన ఆగేవారు. ఎదురుగా కొలంబస్ పడవ ఊగుతుంటే అందులో మా అత్తగారి పట్టుచీర కొంగు ఎగురుతూ కనపడింది. గట్టిగా అరుస్తోంది కూడా. "మీ అత్తయ్య నా మీద కూడా అంత అరవలేదమ్మా" అన్నారు. ఆయన నాతో వేసిన జోకులు లెక్కపెడితే అదే మొదటిది అయ్యుండాలి.

అలల కొలను దగ్గర దారి కాస్త ఎత్తుగా ఉంది. అక్కడ కుర్చీ ఆపి కళ్ళు మూసుకున్నారు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. నుదురంతా చెమట.

"ఏమైంది మామయ్యా?"

"ఎండమ్మా. ఎండ ఎక్కువగా ఉంది. కాసేపు ఆగుదాం."

నాకూ అప్పుడే ఆయాసం మొదలవబోతోంది. ఎంత బాగా కనిపెట్టారు, ఎంత బాగా నటిస్తున్నారు అనుకున్నాను. ఆయనకి కనపడకుండా నవ్వుకున్నాను. కృతజ్ఞతతోనే నవ్వాను. ఆ నవ్వుని ఇప్పుడేం చేసుకోవాలో తెలియడం లేదు.

తిరిగి వస్తూ టీకి ఆగినప్పుడు మా అత్తగారు నా చెవి దగ్గరకి వచ్చి, "ఆయనకేం లేదే. గుండ్రాయిలా ఉన్నారు. ఆయన కూర్చోకపోతే నువ్వు కూర్చోవని, అంతా నీ కోసమే" అంది. నేనూ అదే అనుకున్నానని చెప్పాను. ఆరోజు నుంచి అది మా ఇంటి కథ అయిపోయింది. మాది మేడమీద వాటా. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చాక సగం మెట్ల మీద కూర్చుండిపోయేవారు, "ఇక్కడ గాలి బావుంది" అంటూ. కూరగాయల సంచీతో వెనకే వస్తున్న నేను కింది మెట్టు మీద కూర్చునేదాన్ని. గాలి ఏమీ ఉండేది కాదు. మా ఇద్దరి మధ్య మాటలు పెరిగింది ఆ మెట్ల మీదే. ఏ లారీ డ్రైవరు ఎటు ఒరిగి కూర్చుంటాడో, ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ నూలు వడికేటప్పుడు ఏం పాడేదో అక్కడే విన్నాను. పైనుంచి మా ఆయన తొంగిచూసి, "అయిందా మీ ఇద్దరి నాటకం?" అనేవారు. మామగారు నవ్వి ఊరుకునేవారు. కాదని ఎప్పుడూ అనలేదు.

ఆయన పోయాక పలకరింపులకి వచ్చినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. షెడ్డులో ఆయన పక్కన కుట్టే ఆయన, "ఈ మధ్య గంటకోసారి కూర్చునేవారమ్మా" అన్నాడు. షెడ్డులో నేను లేను కదా. మరి అక్కడ ఎవరి కోసం కూర్చున్నట్టు? వెంటనే ఆయనే, "మా పనే కూర్చుని చేసే పని అనుకోండి" అన్నాడు. కాస్త ఊపిరొచ్చింది. వీధి చివరి ముసలావిడ, ఆయన పాలకి వెళ్ళేటప్పుడు ఒక్క పరుగున వెళ్ళేవారని చెప్పింది. దాన్ని పట్టుకుని ఒక పూట బతికాను. మర్నాడు మళ్ళీ అనుమానం. ఆయన నా కోసమే కూర్చుని ఉంటే, అంత ప్రేమ నాకు దొరికిందని ఏడవాలి. తన కోసమే కూర్చుని ఉంటే, ఒక మనిషి మా కళ్ళెదుట అన్నాళ్ళూ ఆయాసపడుతుంటే ముచ్చటపడి చూశామని ఏడవాలి. ఏ ఏడుపు ఏడవాలో తెలియక సగం ఏడుపులో ఆగిపోతున్నాను.

"రెండూ అయ్యుండొచ్చుగా" అన్నారు మా ఆయన ఒకరోజు విసుగ్గా. "మొదట నీ కోసం మొదలుపెట్టి ఉంటారు, తర్వాత ఆయనకే కావలసి వచ్చి ఉంటుంది. ఇంక తవ్వకు." తవ్వకుండా ఎలా ఉంటాను? నొప్పిని దాచుకోవడానికి నన్ను అడ్డం పెట్టుకున్నారా, నన్ను దాచడానికి లేని నొప్పి తెచ్చుకున్నారా? అడిగి ఉంటే చెప్పేవారేమో. మా ఇంట్లో మామగారిని కోడలు అలాంటివి అడగదు. మర్యాద అనుకున్నాం.

పెద్దకర్మ రోజు అందరం కృష్ణ ఒడ్డుకి వెళ్ళాం. పంతులుగారు, మా ఆయన ఇంకా నీళ్ళలోనే ఉన్నారు. ఆడవాళ్ళం ముందుగా మెట్లెక్కుతున్నాం. ఎప్పుడూ నాకంటే పది మెట్లు ముందుండే మా అత్తగారు సగంలో ఆగి, మెట్టు మీద కూలబడింది.

"మోకాళ్ళు పట్టేశాయే. కూర్చో కాసేపు."

నేను కూర్చోలేదు. "నిజంగా మోకాళ్ళేనా? ఛాతీలో ఏమైనా ఉందా? నా కోసమైతే వద్దత్తయ్యా, నిజం చెప్పండి" అన్నాను. ఆవిడతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ నా మొహం తన వైపు తిప్పుకుంది. "నీ పెదాలు చూసుకున్నావా? నల్లబడ్డాయి. ముందు కూర్చో, తర్వాత నిజాలు" అని నా చెయ్యి పట్టి లాగింది.

"మీరు ముందు చెప్పండి."

"నువ్వు ముందు కూర్చో."

ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఒకే మెట్టు మీద, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాం. కింద నీళ్ళలోంచి మా ఆయన తలెత్తి చూశారు. మేమిద్దరం అలా కూలబడి ఉండటం చూసి, గుండుతో, తడి పంచెతో, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పరిగెత్తుకొచ్చారు.

"ఏమైంది? ఎవరికి?" అన్నారు, రొప్పుతూ.

నేను అత్తగారిని చూపించాను. అత్తగారు నన్ను చూపించింది. ఎవరికి ముందు చెయ్యి అందించాలో తెలియక, పంచెలోంచి నీళ్ళు కారుతుంటే, రెండు చేతులూ చాపి ఆయన అక్కడే నిలబడ్డారు.