పప్పు కావాలన్న పిల్ల

అయినా, పప్పు అడిగితే పప్పే కదా పెడతాం! లాక్‌డౌన్‌లో పని పోయిన కుటుంబాల కోసం పరాయి రాష్ట్రంలోని ఈ మరమగ్గాల ఊరు నవాగామ్‌లో ఒక సేవా సంస్థ నడుపుతున్న ఆశ్రయంలో ఈరోజు వడ్డన నాది. తల్లి కరోనాతో ఆసుపత్రిలో ఉన్న ఒక తెలుగు పిల్ల "పప్పు కావాలె" అని ఒకటే ఏడుపు. రెండు గరిటెలు వేశాను. కంచం నెట్టేసింది.

"ఏంది బిడ్డా, ఉప్పు తక్కువైందా?"

"గీ పప్పు గాదు తాతా! మా తమ్ముడు పప్పు!"

పొద్దున మగపిల్లలను పై గదికి మార్చారట. వెళ్లి వాణ్ని ఎత్తుకొచ్చాను. వాడి చొక్కా అంచు పట్టుకుని అట్లాగే నిద్రపోయింది. మరమగ్గాలు ఆగిన ఈ ఊళ్లో ఆ ఇద్దరి ఊపిరి తప్ప ఏ చప్పుడూ లేదు. నాకూ కలలో కూర్చున్నట్టే ఉంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి తినే పేర్లుంటే ముందే చెప్పండి, రేపు వడ్డించేదీ నేనే...

"అన్నా, గిన్నెలెవలు కడుగుతరు? జల్ది రా!" వంటగదిలోంచి వంటామె కేక.

వస్తున్నా, జర మెల్లగా పిలువమ్మా, పిల్లలు ఇప్పుడే నిద్రపో—