తెలుగు బుక్ నూట పన్నెండు

నా చూపు పూర్తిగా పోయి ఎనిమిదేళ్లయింది. మనుషుల మొహాలు చూడాలనిపించదా అని అందరూ అడుగుతారు. అబద్ధమెందుకు, మొహాల కంటే గ్రంథాలయంలో పుస్తకాల అర ముందు నిలబడటం గుర్తొచ్చి నా ప్రాణం కొట్టుకుంటుంది. ఒక పుస్తకం తీయడం, ఒక పేజీ చదవడం, నచ్చక మళ్లీ లోపలికి తోసేయడం. ఇంత చిన్న పని కోసం ఇంతగా అలమటిస్తానని తెలిసి ఉంటే, చూపున్న రోజుల్లో అక్కడ ఇంకో గంట నిలబడేదాన్ని.

చదవడం ఆగలేదు. పేజీని ఫోను కెమెరా కింద పెడితే తప్పో ఒప్పో చదివి వినిపిస్తుంది. కానీ పుస్తకం ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. మా ఆయనకు తమిళనాడులోని మా హోసూరు బజారులో బట్టల అంగడి. మధ్యాహ్నం భోజనానికి వస్తూ గ్రంథాలయంలో చేతికందింది తెచ్చేవారు. స్తోత్రాలు, వ్రతకథలు, మళ్లీ స్తోత్రాలు. "ఇన్నిసార్లు విని ఆ దేవుడికే విసుగొచ్చుంటుంది" అని ఒకసారి కసురుకున్నాను. పాపం, ఆయనకు తెలుగు చదవడం రాదు. అట్ట మీద దేవుడి బొమ్మ ఉంటే మంచి పుస్తకమని నమ్మకం.

కిందటేడు గ్రంథాలయం వాళ్లు పుస్తకాల జాబితాను ఫోనులో చూసేలా పెట్టారని విని ఎగిరి గంతేసినంత పని చేశాను. వేలితో తాకుతూ పోతే ఫోను ఒక్కో పేరూ చదువుతుంది. తమిళ పుస్తకాల పేర్లు చక్కగా చదివింది. తెలుగు వాటి దగ్గరకొచ్చేసరికి, "తెలుగు బుక్ ఒకటి. తెలుగు బుక్ రెండు. తెలుగు బుక్ మూడు." నూట పన్నెండు దాకా ఓపిక పట్టి, ఫోనును మంచం మీదకు విసిరికొట్టాను.

మరునాడు మా ఆయన చెయ్యి పట్టుకుని వెళ్లి, పుస్తకాలు చూసుకునే ఆమెను నిలదీశాను.

"ఏమ్మా, నీ బిడ్డలకి కూడా ఒకటి, రెండు అనే పేర్లు పెట్టినావా?"

ఆమె గొంతు తగ్గించింది. "ఇంట్లో మాట్లాడేది తెలుగేనమ్మా. చదివింది తమిళంలో. అక్షరాలు రావు నాకు. ఎవురినన్నా అడగాలంటే సిగ్గయి, నంబర్లు ఏసేసినాను."

నా కోపం సగం అక్కడే దిగిపోయింది. మా ఊళ్లో చాలామందిది ఇదే కథ. నోటి నిండా తెలుగే, కంటికి మాత్రం ఆ అక్షరాలు ముగ్గులు.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి ఆదివారాలు పేపరు చదవడానికి వచ్చేది. ఆమెను బతిమాలుకున్నాం. ఆ అమ్మాయి పుస్తకం పేరు, రాసినవారి పేరు, మొదటి పేజీ పైకి చదివేది. గ్రంథాలయం ఆమె ఆ గొంతును ఫోనులో పట్టి జాబితాలో చేర్చేది. అక్షరాలు పెద్దవో చిన్నవో, గురుబరపల్లి నుంచి చక్రాల కుర్చీలో వచ్చే మాస్టారికి అందే అరలో ఉందో లేదో కూడా చెప్పించేదాన్ని.

"మొదటి పేజీ ఎందుకు ఆంటీ, పేరు చాలదా?" అంది ఆ అమ్మాయి.

"పేరు చూసి పెండ్లి చేసుకుంటామా పాపా? ఒక పేజీ మాట్లాడించి చూడాల" అన్నాను.

పని పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం గ్రంథాలయంలోనే కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నాను. మొదటి పుస్తకంలో హీరోయిన్ అద్దం ముందు నుంచి లేవడం లేదు. వద్దు. రెండోదానిలో పేజీ నిండా వాన. వద్దు. ఇంకోదానిలో ఉపదేశాలు. అదీ వద్దు. ఎంతసేపు విన్నానో తెలియదు.

గ్రంథాలయం ఆమె దగ్గరకొచ్చింది. "ఏమ్మా, ఇంత పాటుపడి చేసినాము. ఒకటీ నచ్చలేదా?"

"లేదమ్మా" అన్నాను. అంటూ ఉండగానే కన్నీళ్లు కారాయి.

"అయ్యో, ఏమాయెనమ్మా? ఏడస్తా ఉండావే?" అని ఆమె కంగారుపడింది.

ఏం చెప్పను? ఎనిమిదేళ్ల తర్వాత, నా అంతట నేను ఒక పుస్తకాన్ని వద్దనుకున్నాను. ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను.