పోచయ్య సబ్బునురగ

తెల్లాపూర్ అపార్టుమెంట్ల గేటు దగ్గర నా కారు ఆపేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. నేను వండి పంపే నలభై భోజనం డబ్బాలు వెనక సీట్లో ఉన్నాయి. అసోసియేషన్ సెక్రటరీ వెంకటసాయి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పద్మావతి గారూ, మీ కారు వస్తే కుళ్లిన గుడ్ల కంపు కొడుతోందని అందరూ అంటున్నారు. సోమవారానికి ఇది పోకపోతే భోజనాలకు ఇంకెవరినైనా చూసుకుంటాం" అన్నారు.

గుడ్లట! మా ఇంట్లో గుడ్డు గడప తొక్కి ఎరగదు. ఆవ పెట్టిన అరటికాయ కూర కార్లో పెట్టుకుని ఆ మాట పడ్డాను. మా ఆయన రిటైరయ్యాక ఇల్లు నడుస్తున్నదే ఆ డబ్బాల మీద. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

నిజం చెప్పొద్దూ, నెల రోజులుగా ఆ కంపు నాకూ తగులుతూనే ఉంది. పటాన్‌చెరులో ముప్పై ఏళ్లు బతికినవాళ్లం, ఏ వాసన వచ్చినా ఫ్యాక్టరీని తిట్టి కారు అద్దాలు ఎక్కించేస్తాం. నేనూ అదే చేశాను. అంతటితో ఊరుకోక పొల్యూషన్ ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేసి దెబ్బలాడాను కూడా.

సర్వీసింగ్ వాళ్లు సైలెన్సర్ పైపులో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ పాడైందన్నారు. కొత్తది రావడానికి పది రోజులు పడుతుందట. అప్పటికే శుక్రవారం. దిక్కుతోచక ఇంద్రేశం రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్న పోచయ్య దగ్గరికి వెళ్లాను.

పోచయ్య పదిహేడేళ్లు మందుల ఫ్యాక్టరీలో గ్యాసు పైపుల దగ్గర పనిచేశాడు. నైట్ షిఫ్టులు ఒంటికి పడక మానేసి, నలభై మూడేళ్ల వయసులో, తనకంటే పదేళ్లు చిన్నవాడైన మేస్త్రీకి స్పానర్లు అందిస్తూ మెకానిక్ పని నేర్చుకున్నాడు. అయినా ఊళ్లో వాళ్లకు లోకువే. "ఫ్యాక్టరీ హెల్పర్‌కు కార్ల సంగతి ఏం తెలుస్తది" అనేవాళ్లు. నేను మాత్రం తక్కువ తిన్నానా, పంక్చర్లకు తప్ప ఎన్నడూ అతని గుమ్మం ఎక్కలేదు.

"ఏడేడ వస్తున్నదమ్మా వాసన?" అన్నాడు.

"ఎక్కడని చెప్పనయ్యా. ఇంటి దగ్గర, హైవే మీద, తెల్లాపూర్ గేటు దగ్గర, అన్నిచోట్లా."

పోచయ్య నవ్వాడు. "ఫ్యాక్టరీ వాసన గాలిని బట్టి వస్తదమ్మా. ఇది మీ ఎంబడి వస్తున్నది."

నా తల కొట్టేసినట్లయింది.

ముందు బ్యాటరీ చూశాడు. అది మితిమీరి చార్జయినా ఇదే కంపు వస్తుందట. బ్యాటరీ బాగానే ఉంది. తర్వాత ఇంజన్‌లోంచి ప్లగ్గులు ఊడదీశాడు. కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి. "పెట్రోల్ ఎక్కువ తాగుతున్నది. ఎక్కువ తిన్నోనికి తేన్పులు రావా? గట్లనే. కన్వర్టర్ ఇంకా ఖరాబ్ కాలే, దాని మీద భారం పడ్డది" అన్నాడు.

ఇంజన్ చల్లారేదాకా ఆగి, బకెట్‌లో సబ్బు నురగ కలపడం మొదలుపెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పోచయ్యా, అక్కడ నా నోటి దగ్గర కూడు పోతుంటే నువ్వు కారు కడుగుతావా?"

"జెర ఆగుండ్రి. పదిహేడేండ్లు గ్యాసు పైపులకు గిదే జేసిన."

వెనక పొగగొట్టానికి గుడ్డ చుట్టి బ్లోయర్‌తో గాలి కొట్టాడు. బ్రష్షుతో నురగ తీసుకుని, ఇంజన్ దగ్గర్నుంచి ఒక్కో అతుక్కీ పూశాడు. మూడో అతుకు దగ్గర ఆగి, "సూడుండ్రి" అన్నాడు. నడుం పట్టేస్తున్నా వంగి చూశాను. అక్కడ బుడగలు ఉబ్బుతున్నాయి, పగులుతున్నాయి.

ఆ అతుకు పక్కనే ఉన్న సెన్సార్, పొగలో గాలి ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎంత పోయాలో ఇంజన్‌కు చెబుతుందట. బుడగలు వచ్చిన ఆ సందులోంచి బయటి గాలి దూరేసరికి అది మోసపోయి, పెట్రోలు చాలడం లేదు పొయ్యి పొయ్యి అంటోందట. శనివారం పొద్దున్నే పోచయ్య ఆ అతుక్కి సందు మూసే కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాడు. కన్వర్టర్‌లో పట్టిన మడ్డి కాలిపోవాలని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద సంగారెడ్డి దాకా నడిపాడు. పోయేటప్పుడు కంపు ఉంది. వచ్చేటప్పుడు సగమైంది. ఆదివారం ఇంకోసారి తిప్పుకొచ్చాక పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి చూశాను. ఏమీ లేదు. అంత సంతోషం ఈమధ్యకాలంలో ఎరగను.

సోమవారం పోచయ్య కూడా వస్తానన్నాడు. "ఆళ్ల ముంగట ఇంజన్ చాలు పెట్టి సూపిస్త" అన్నాడు.

గేటు దగ్గర ఇంజన్ ఆపలేదు. వెంకటసాయి గారు కారు వెనక్కి వెళ్లి, రుమాలు తీసి వాసన చూశారు. ఇంకోసారి చూశారు. ఎవరు బాగుచేశారని అడిగితే పోచయ్యను చూపించాను. ఆయన గొంతు తగ్గించి, "నా కారు కూడా ఈమధ్య అదోరకం వాసన వస్తోందయ్యా. కాస్త ఇప్పుడే చూస్తావా?" అన్నారు.

పోచయ్య కారులోంచి కదల్లేదు.

"సూస్త సార్, ఏడికి వోతది మీ కారు. అమ్మ కూర సల్లారిపోతున్నది. ముందుగల గేటు తీయిపియ్యిండ్రి."

వెంకటసాయి గారే స్వయంగా వెళ్లి గేటు తీశారు.