రేపటి బస్సుకి స్వరూపక్క రాదు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద స్వరూపక్క పేరు.

ఆఫీసు లిఫ్ట్ దగ్గర లైన్లో ఉన్నాను. ఎత్తగానే, "అక్కా, శనివారం ఏ టైముకి బయల్దేరదాం?" అనేశాను.

పలికింది అక్క కాదు. ఒక మగ గొంతు. వాళ్ల తమ్ముడు.

అక్క ఇక లేదని చెప్పాడు. బాచుపల్లిలో ఇంట్లోనే, టీ పెట్టుకుంటూ పడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

నేనేమో "సరే అండి, సరే అండి" అంటున్నాను. ఫోన్ పెట్టేసి లిఫ్ట్ ఎక్కాను. మా ఫ్లోర్‌లో దిగి, లాప్‌టాప్ తెరిచి, అక్కకే మెసేజ్ పెట్టబోయాను. ఎవరో నీ నంబర్ నుంచి ఇలా ఫోన్ చేశారని.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

గుండె అంటున్నారు. ఏం గుండె? మిట్ట ఎక్కేటప్పుడు నేను వగరుస్తుంటే, ముందు నడుస్తూ ఆపకుండా కబుర్లు చెప్పే మనిషి. నాకు బాధ కన్నా ముందు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియదు.

తెలియని వాళ్ల కోసం చెప్తాను. స్వరూపక్క మా టెస్టింగ్ టీమ్ లీడ్. వారమంతా హైటెక్ సిటీలో కూర్చుని మా అందరి తప్పులు పట్టేది. శనివారం వస్తే బస్సెక్కేది. కారుంది, తీసేది కాదు. ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసి జీరో టికెట్ ఇవ్వడం మొదలయ్యాక ఇక అక్కకి పట్టపగ్గాల్లేవు.

బోర్డు మీద తను ఎప్పుడూ వినని ఊరి పేరు కనిపిస్తే చాలు, ఆ బస్సు ఎక్కేయడమే. చివరి స్టాప్‌లో దిగడం. డ్రైవరూ కండక్టరూ టీ తాగి బస్సు తిప్పేలోపు, బస్సులో దాటొచ్చిన వెనక ఊరి దాకా పొలాల వెంట నడిచెయ్యడం. అదే బస్సు తిరిగి వస్తుంటే చెయ్యెత్తి ఆపడం. అదీ అక్క పద్ధతి.

నేను భీమవరం నుంచి వచ్చి కొత్తగూడ హాస్టల్లో పడ్డాను. ఈ ఊళ్లో నాకు తెలిసింది ఆఫీసు, మాల్, హాస్టల్. శనివారాలు పడుకుని ఫోన్ చూసుకునేదాన్ని. అక్కే లాక్కెళ్లింది.

"ఏంది పిల్లా, హైదరాబాద్ అంటే గీ అద్దాల బిల్డింగులేనా? జర బయటికి రా" అంది.

మొన్న వానలు పడ్డ కొత్తలో ఒక శనివారం. ఆలస్యంగా బయల్దేరాం. వికారాబాద్ అవతల ఒక పల్లెవెలుగు బస్సు. ఊరి పేరు రాయను. రాస్తే రీల్స్ చేసేవాళ్లు దిగుతారని అక్క భయం.

చివరి స్టాప్‌లో దిగి, ఎప్పటిలాగే వెనక్కి నడిచాం. ఎర్ర మట్టి, అప్పుడే మొలిచిన కంది. వెనక ఊరి స్టాప్‌లో కూర్చున్నాం.

బస్సు రాదే.

పొద్దు వాలుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్క మాత్రం వస్తది, వస్తది అంటూనే ఉంది.

మేకలు తోలుకొస్తున్న ఒకామె ఆగి మమ్మల్ని చూసింది. పేరు మణెమ్మ అని తర్వాత తెలిసింది.

"ఆ బస్సు ఇప్పుడు రాదు బిడ్డా. అది నైట్ హాల్ట్‌ది. రాత్రికి ఊళ్లెనే ఉంటది, పొద్దుగాల్నే వస్తది" అంది.

బోర్డు మీద పేరు చూసి ఎక్కిందే గానీ, తిరిగొస్తుందా అని కండక్టర్‌ని అడగలేదు మా టెస్టింగ్ లీడ్! ఆఫీసులో అన్నీ చెక్ చేశారా అని మాకు క్లాసు పీకే మనిషి. తిట్టిపోశాను. అక్క రోడ్డు పక్కనే కూలబడి కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది.

మణెమ్మ ఇంటికి తీసుకెళ్లింది. జొన్న రొట్టె, పుంటికూర పెట్టింది, అదే మా గోంగూర. రొట్టెలు కొడుతూ మధ్యమధ్యలో అక్క బూట్ల వంకే చూస్తోంది. అవి వేసుకుంటే కాళ్లు నొప్పి పుట్టవా అని అడిగింది. ఆమె మడమల నిండా పగుళ్లే.

వేసుకుని చూడమని అక్క తన బూట్లు ఇచ్చింది. మణెమ్మ తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ నడిచి చూసుకుంది. బాగా పెద్దవయ్యాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు.

మర్నాడు పొద్దున బస్సు ఆమే ఆపింది. సీతాఫలాలప్పుడు తప్పకుండా రమ్మంది. శనివారం శనివారం ఆ బస్సు చూస్తుంటానంది. నేను ఫోన్ నంబర్ తీసుకుందామంటే అక్క ఒప్పుకోలేదు.

"నంబరెందుకు? బస్సున్నది గదా, వస్తం" అంది.

ఇప్పుడు సీతాఫలాల రోజులు. రేపే వెళ్దామనుకున్నాం. నిన్న ఫోన్ ఎత్తగానే నేనడిగింది ఆ బస్సు గురించే.

ఇవాళ పొద్దున అక్కని సాగనంపి వచ్చాం.

వాళ్లింటి నుంచి బయల్దేరబోతుంటే వాళ్ల తమ్ముడు ఒక డబ్బా తెచ్చాడు. లోపల కొత్త బూట్లు. అక్క సైజు కాదు, చిన్నవి.

"ఇవి ఎవరియో ఎరికేనా మేడం? ఇంట్ల ఎవ్వరికీ పడ్తలేవు" అన్నాడు.

నిన్నట్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆఫీసు గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్, అందరికీ తెలిసింది. స్టేటస్‌ల నిండా అక్క ఫొటోలే. ఒక్క మణెమ్మకి తెలియదు. రేపు సాయంత్రం ఆ స్టాప్‌లో మేకలతో నిలబడి చూస్తుంటుంది. ఆమె లెక్కలో స్వరూపక్క ఇంకా ఉంది.

నంబరెందుకని నా నోరు మూయించావు కదక్కా. ఇప్పుడు చూడు, నన్నెక్కడ ఇరికించావో.

రేపు ఆ బస్సెక్కుతున్నాను. ఒక్కదాన్నే. రాత్రికి తిరిగి రాదని తెలిసే ఎక్కుతున్నాను. బూట్ల డబ్బా నా దగ్గరే ఉంది.

నేను దిగాక మణెమ్మ నా వెనక చూస్తుంది, ఇంకొకరు దిగుతారని. బస్సు కదిలి వెళ్లిపోయేదాకా చూస్తుంది.

అప్పుడు చెప్పాలి.

వెళ్లిరా స్వరూపక్కా. ఇక ఏ బస్సు కోసమూ తొందరపడక్కర్లేదు. నువ్వెక్కడ నడుస్తున్నా నిమ్మళంగా నడువు.